అత్తగారూ, ఉత్తరపు వెలుగూ

రోడ్డుకి అడ్డంగా గేటు దించి ఉంది. దాని మీద ఎర్రదీపం వెలుగుతోంది, ఆరుతోంది, మళ్ళీ వెలుగుతోంది, దాని వెనక ఉండవలసిన రోడ్డూ కొండా ఒకే తెల్లటి పొగై అడ్డంగా పరుగెత్తుతున్నాయి, గాలి వచ్చి గుద్దినప్పుడల్లా కారు పడవలా ఊగుతోంది, ఇంత జరుగుతున్నా పక్కసీట్లో బోర్గిల్డ్ ఒళ్ళో ఫోను పెట్టుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి దించి, "ముప్ఫై అయిదు శాతం చూపిస్తోంది ఐలిఫ్, పొద్దున నలభై ఉంది, ఎందుకు తగ్గినట్టంటావ్?" అని అడిగింది, వెళ్ళి తగ్గించి వచ్చింది అతనే అయినట్టు. ఐలిఫ్ స్టీరింగు మీద రెండు చేతులూ ఆనించి ఎర్రదీపం వంకే చూశాడు. వారం నుంచీ ఇదే పాట. కాఫీ తాగుతూ శాతం, చేప ముళ్ళు తీస్తూ శాతం, పడుకోబోయే ముందు మెట్ల మీద నుంచి ఆఖరిసారి శాతం. దేంట్లో ముప్ఫై అయిదు? నూరుమంది అత్తగార్లు ఆకాశం కింద నిలబడితే ముప్ఫై అయిదుమందికి రాత్రి ఆకాశంలో రంగులు పారే ఉత్తరపు వెలుగు కనబడుతుందనా, లేక ఈ ఒక్క అత్తగారికే అందులో నూటికి ముప్ఫై అయిదు వంతులు కనబడతాయనా? అతను పుట్టింది ఈ ఆకాశం కిందే, పెరిగిందీ గడ్డం నెరిసిందీ ఇక్కడే, ఏనాడూ శాతం చూసుకుని తలెత్తలేదు, అసలు తలెత్తిందే తక్కువ. వస్తుంది, కాసేపు ఉంటుంది, పోతుంది. పక్కింటి పిల్లి గోడెక్కినట్టు. పిల్లి గోడెక్కే అవకాశం ఎంత అని ఎవరైనా అడుగుతారా?

"చెప్పవేం?"

"మబ్బు, అత్తయ్యా. మబ్బు పట్టింది, అందుకు తగ్గింది."

"మీ వైపు మబ్బు తప్ప ఇంకేమన్నా ఉందా?" అంది బోర్గిల్డ్, దక్షిణాది యాసలో ప్రతి మాటనూ చివర సాగదీసి, సాగదీసిన చోట అతన్ని నిలబెట్టి.

మీ వైపు. తూర్దిస్‌ను కట్టుకుని ఇరవై ఏళ్ళు దాటినా అది మీ వైపే. దేశం దక్షిణపు కొసన మాండల్‌లో వీళ్ళకి తెల్లచెక్క ఇళ్ళూ, గులాబీ పొదలూ, చలికాలమంతా వానా ఉన్నాయి. అక్కడి నుంచి చూస్తే ఐలిఫ్ ఊరు హామర్‌ఫెస్ట్ అంటే భూమి అయిపోయాక ఇంకో రెండు రోజుల ప్రయాణం. ఆ అయిపోయిన చోటికి ఒక్క ఏడాది నర్సు పని చేసి వస్తానని బయల్దేరిన కూతురు రానే లేదు. దానికి ఐలిఫ్ కారణం. ఇన్నేళ్ళలో బోర్గిల్డ్ ఆ మాట ఒక్కసారి కూడా పైకి అనలేదు, అనకుండానే ప్రతి క్రిస్మస్‌కీ ఒక ఊలు టోపీ అల్లి పంపింది, ఆ టోపీల్లో ఏదీ అతని తలకి పట్టదు, చెవుల దగ్గరే ఆగిపోతుంది, ఎవరి తల కొలతకి అల్లుతుందో ఆమెకే తెలియాలి. ఇప్పుడు డెబ్భై తొమ్మిదో ఏట, మోకాళ్ళు అరిగాక, డాక్టరు వద్దన్నాక, హఠాత్తుగా ఉత్తరపు వెలుగు చూడాలని బుద్ధి పుట్టింది. ఊళ్ళో కుట్టుసంఘం ఆడవాళ్ళందరూ చూసి వచ్చారట. మేరిట్ అనే ఆవిడ వచ్చిన రోజే చూసిందట, హోటల్ కిటికీలోంచి, మంచం దిగకుండా. ఆ మేరిట్ కనబడితే బాగుండును, నాలుగు మాటలు అడగాలి.

గాలి మళ్ళీ గుద్దింది. వెనక బండి దీపాలు అద్దంలో మసకబారి మళ్ళీ తేలాయి. ముందు ఒక చేపల లారీ, దాని ముందు ఇంకేవో, మంచు తొలిచే బండి అవతలి నుంచి తిరిగి వస్తేగాని గేటు లేవదు, అది వచ్చి ముందు నడిస్తే దాని వెనకే అన్నీ బారుగా సెన్నలాండ్ కొండ దాటాలి. అత్తగారు ఇంటికి వెళ్ళవలసిన చిన్న విమానం ఎగిరి ఉంటే ఇదేదీ ఉండకపోను. పొద్దున ఊళ్ళోనే ఎక్కించి చెయ్యి ఊపి వర్క్‌షాపుకి వెళ్ళి, విప్పి పెట్టిన పడవ ఇంజను ముందు కూర్చుని, ఎవరూ ఏదీ అడగని చోట హాయిగా నూనె పూసుకునేవాడు. గాలి ఎక్కువైందని విమానం రద్దు చేశారు, ఆల్తా నుంచి సాయంత్రం పెద్ద విమానంలో వెళ్ళమన్నారు, అప్పుడు తూర్దిస్ ఆసుపత్రి నుంచి ఫోను చేసి గొంతు తగ్గించి, "నాకు డ్యూటీ మార్చుకోవడం కుదరదు, నువ్వు తీసుకెళ్ళవూ? ఐలిఫ్, ప్లీజ్, ఇంకొక్క పూట" అంది. ఇంకొక్క పూట. వారమంతా నాటకం ఆడాక ఆఖరి అంకం మాత్రం అతనొక్కడి నెత్తినేసి తను తెర వెనక్కి తప్పుకుంది.

నాటకమే. ఇంకేమనాలి దాన్ని? అక్టోబరులో వెళ్ళిపోయింది తూర్దిస్. అరుపుల్లేవు, పళ్ళేలు పగల్లేదు, ఇంకో మనిషీ లేడు, ఉంటే బాగుండును, వాడి పేరు పట్టుకుని తిట్టుకునేవాడు. ఒక ఆదివారం బల్ల మీద చేతులు పెట్టి, "నేను రేవు దగ్గర ఒక వాటా చూసుకున్నాను" అంది, పంటి డాక్టరుకి టైము తీసుకున్నానన్నంత మామూలుగా. ఏమైందని అడిగాడు. ఏమీ కాలేదంది. ఏమీ కాకపోతే ఎందుకు వెళ్తున్నావన్నాడు. "అదే ఐలిఫ్, ఏమీ కావడం లేదు" అంది. ఆ మాటకి అర్థం ఏమిటో అతను నవంబరంతా ఆలోచించాడు, సూర్యుడు పూర్తిగా మునిగిపోయాక డిసెంబరంతా చీకట్లో ఆలోచించాడు, ఇంజను అయితే ఒక్కో బోల్టూ విప్పి చూడొచ్చు, దీన్ని ఎక్కడ విప్పాలో తెలియలేదు. ఇంతలో మాండల్ నుంచి ఫోను, వెలుగు చూడ్డానికి వస్తున్నానని. అమ్మ గుండె మంచిది కాదు, ఇప్పుడే చెప్పొద్దు, వెలుగు చూసి సంతోషంగా వెళ్ళనీ, ఎండాకాలం నేనే వెళ్ళి నెమ్మదిగా చెబుతాను, అంది తూర్దిస్. తీసుకెళ్ళిన రెండు పెట్టెలతోనే తిరిగొచ్చింది, బట్టలు బీరువాలో పాత చోటే తగిలించింది, ఆమె టూత్‌బ్రష్ మళ్ళీ గ్లాసులోకి వచ్చి నిలబడింది. రాత్రి ఇద్దరూ వీపులు తిప్పుకుని పడుకునేవారు. మూడో రాత్రి నిద్రలో ఆమె చల్లటి పాదాలు అలవాటు కొద్దీ అతని పిక్కల మధ్యకి వచ్చాయి, వచ్చి, మెలకువై, చటుక్కున వెనక్కి వెళ్ళిపోయాయి. "సారీ" అంది చీకట్లో. ఇన్నేళ్ళలో ఆ పాదాలు ఒక్కసారైనా సారీ చెప్పి ఎరగవు. ఆమె ఇల్లు వదిలి వెళ్ళినప్పుడు కూడా అంత నొప్పెయ్యలేదు అతనికి.

"బన్ను తింటావా?" బోర్గిల్డ్ సంచిలోంచి కాగితం పొట్లం తీసింది. "మొన్న మిగిలినవి. ఎండిపోయాయనుకో. మీ బేకరీ వాడు వెన్న దగ్గర పిసినారి."

బుధవారం, రెండు నెలల చీకటి తర్వాత సూర్యుడు తిరిగొచ్చిన రోజు. వచ్చాడని క్యాలెండరు చెప్పడమేగాని మబ్బు చాటునే వచ్చి మబ్బు చాటునే పోయాడు, అయినా ఆనవాయితీకి ఆ రోజు ఊరంతా బన్నులు తినాలి గనక తిన్నది, తూర్దిస్ ఆసుపత్రి నుంచి ఒక డబ్బా పట్టుకొచ్చింది, ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చున్నారు, అతని మీసానికి క్రీము అంటితే తూర్దిస్ చెయ్యి చాపి బొటనవేలితో తుడిచింది. తల్లి చూస్తోందని తుడిచిందా? తల్లి చూడకపోయినా తుడిచేదా? ఆ ఒక్క వేలి గురించి అతను బుధవారం నుంచీ ఆలోచిస్తున్నాడు, అలా ఆలోచిస్తున్నందుకు తన మీద తనకే మండిపోతోంది, ఈ వయసులో, ఇంత లావు మనిషి, మీసం మీది క్రీము గురించి.

"వద్దు, అత్తయ్యా."

"వద్దంటే వద్దనే. నీకు ఏదీ రెండోసారి అడిగితే ఇష్టముండదు." ఆమె బన్ను సగానికి విరిచి, ఒక సగం తనే తింటూ, రెండో సగాన్ని గేరు పక్కన అతనికి అందేచోట పెట్టింది. "ఆ కొండ అవతల మబ్బు ఉండదేమో? ఆల్తా ఆకాశం బాగుంటుందని మేరిట్ అంది. విమానం ఎక్కే ముందు ఒక్క పావుగంట కనబడినా చాలు."

కనబడింది గదా! నోటిదాకా వచ్చిన మాటను మింగాడు. గురువారం కనబడింది. మొదటిరోజు సముద్రం మొన దాకా కారులో తీసుకెళ్తే మబ్బు; సరే, ఒప్పుకున్నాడు. రెండోరోజు తను పెరట్లో మంచు తోడుతుంటే కొండ మీంచి పచ్చగా లేచింది, పార పడేసి లోపలికి పరుగెత్తి అరిచాడు, ఆమె స్నానాల గదిలో ఉంది, వస్తున్నా వస్తున్నా అంటూ ఊలు లోదుస్తులూ వాటి మీద ప్యాంటూ స్వెట్టరూ కోటూ బూట్లూ మఫ్లరూ అన్నీ తగిలించుకుని గుమ్మంలోకి వచ్చేసరికి నల్లటి ఆకాశం, అందులో ఒంటరిగా చంద్రుడు. "నన్ను ఆటపట్టిస్తున్నావా అబ్బాయ్?" అంది. అదీ ఒప్పుకున్నాడు. గురువారం మాత్రం నెత్తి మీదుగా, ఈ చివర నుంచి ఆ చివరకి, తెల్లటి పలచని పట్టీలా నిజంగా వచ్చింది, అయిదు నిమిషాలు నిలబడింది, తూర్దిస్ కూడా వచ్చి చూసింది, బోర్గిల్డ్ మెడ వెనక్కి విరిచి చూసి చూసి, "ఇదా? ఇది పొగ" అంది. పొగ కాదమ్మా అదే, సన్నగా ఉన్నప్పుడు కంటికి అలాగే ఉంటుంది, ఫోనులో తీస్తే పచ్చగా వస్తుంది అని తూర్దిస్ బతిమాలింది. "ఫోనులో చూడాలంటే మాండల్‌లోనే చూసేదాన్నిగా" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి అతనికి ఆమె మీద వచ్చిన కోపం పెళ్ళాం వెళ్ళిపోయినప్పుడు కూడా రాలేదు. ఆకాశాన్ని తిప్పి పంపింది, వేడిగా లేదని సూపు తిప్పి పంపినట్టు!

కిటికీ మీద ఎవరో కొట్టారు. అవతలి నుంచి తిరిగొచ్చిన మంచు బండి నడిపే కుర్రది, కనుబొమల నిండా మంచు, పసుపుపచ్చ కోటు. అద్దం దించగానే సగం కొండ లోపలికొచ్చింది.

"ఆయిలుందా అన్నా? దుప్పట్లూ?"

"ఉన్నాయి."

"ముందు బండి వెనకదీపాలు కంటికి ఆనుతూ ఉండాలి. ఏం జరిగినా ఆగొద్దు, దిగొద్దు. ఇంకో కాసేపట్లో లేపుతాం గేటు."

బోర్గిల్డ్ అతని మీదుగా ఒంగింది. "అమ్మాయ్, అవతలి వైపు ఉత్తరపు వెలుగు కనబడే అవకాశం ఎంతుంటుందంటావ్?"

"ముందు అవతలి వైపుకి చేరే అవకాశం అడుగు పెద్దమ్మా" అని నవ్వి ఆ పిల్ల వెనక బండి దగ్గరికి పోయింది.

"పెంకిపిల్ల" అంది బోర్గిల్డ్, నొచ్చుకోకుండా, ఒళ్ళో పడిన మంచు దులుపుకుంటూ. తర్వాత ఎందుకో ఫోను సంచిలో పెట్టేసింది. పెట్టి, ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి అతనికందించి, గొంతు మార్చి, మంచి మాట చెప్పబోయేవాళ్ళు సర్దుకుని కూర్చున్నట్టు కూర్చుంది. తూర్దిస్ చిక్కిపోయిందంది. ఆసుపత్రిలో మరీ విరగబడి చేస్తోందంది. ఇద్దరూ ఎండాకాలం రావాలి, ఈసారి ఏ వంకా చెప్పకూడదు, పైగది బాగు చేయించాను, ఇన్నాళ్ళూ మీకు ఆ రెండు చిన్న మంచాలు వేసి మధ్య సందులో పడిపోయేలా చేశాను, మొన్న కొత్తది కొన్నాను, పెద్దది, సముద్రం వైపు తలపెట్టుకుని పడుకోవచ్చు, పరుపు తూర్దిస్‌కి ఇష్టమైనట్టు గట్టిది తీసుకున్నాను, నీ వైపు ఏమన్నా మెత్తగా కావాలంటే ఇప్పుడే చెప్పు, ఇంకా మార్చుకోవచ్చన్నాడు కొట్టువాడు—

"తూర్దిస్ ఇంట్లో ఉండటం లేదు" అన్నాడు ఐలిఫ్.

అనాలని అనలేదు. కాఫీ తొణికినట్టు తొణికింది. ఇక ఆపడం కుదరలేదు, వారమంతా బిగబట్టింది కదా. "అక్టోబరులోనే వెళ్ళిపోయింది. రేవు దగ్గర వాటాలో ఉంటోంది. మీరొస్తున్నారని వచ్చింది. మీరు విమానం ఎక్కగానే పెట్టెలు సర్దుకుంటుంది. మంచం తిరిగిచ్చెయ్యండి, అత్తయ్యా. మెత్తదీ వద్దు, గట్టిదీ వద్దు."

బోర్గిల్డ్ ఎంత తిప్పినా ఫ్లాస్కు లోపలి బిరడా మర పడక జారిపోతూ ఉంటే అతనే తీసుకుని బిగించాడు. ఆవిడ గుండె మంచిది కాదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఛీ, వెధవ నోరు. ఇప్పుడీవిడ గుండె పట్టుకుని ఈ గేటు దగ్గరే ఒరిగిపోతే? తూర్దిస్‌కి ఏమని చెప్పాలి, వెలుగు చూపించమంటే నేను ఇది చూపించానని చెప్పాలా? ఓరకంట చూశాడు. ఊపిరి తీస్తోంది. తిన్నగా ముందుకి చూస్తోంది. మాట్లాడదేం? ఏదో ఒకటి అనొచ్చుగా, నువ్వే కారణం అనొచ్చుగా, ఇన్ని ఏళ్ళుగా దాచుకున్నదంతా ఇప్పుడు తీసి మొహాన కొట్టొచ్చుగా. వారం రోజులు ఒక్క నిమిషం నోరు మూస్తే చాలు దేవుడా అనుకున్నాడు. ఇప్పుడు మూసింది, ఆ నిశ్శబ్దం కారులో మూడో మనిషిలా వచ్చి కూర్చుంది, గాలి కూడా దానికంటే నయం.

ఎర్రదీపం ఆరింది. గేటు లేచింది. ముందు ఎక్కడో పసుపుదీపం గిర్రున తిరిగింది, చేపల లారీ కదిలింది, దాని వెనకదీపాలు పట్టుకుని ఐలిఫ్ కదిలాడు. ఇక ఆ రెండు ఎర్రటి చుక్కలే లోకం. ఎడమ పక్క కర్ర, ఖాళీ, కర్ర, ఖాళీ, రోడ్డు అంచుకి పాతిన కర్రలు ఒక్కోటీ వచ్చి పోతున్నాయి, చుక్కలు మాయమైతే మొహం అద్దానికి ఆనేదాకా ముందుకి ఒంగుతాడు, మళ్ళీ కనబడితే వెనక్కి వాలతాడు. తూర్దిస్ మొదటి చలికాలం గుర్తొచ్చింది, ఎందుకొచ్చిందో, ఇప్పుడు రావలసిన పనేముంది. సామాన్ల కొట్టు ముందు, రెండు చేతుల్లో సంచులతో, వెలుగు చూసి అలాగే మంచులో వెల్లకిలా పడుకుంది, పాల ప్యాకెట్లు దొర్లుతున్నాయి, జనం చుట్టు తిరిగి పోతున్నారు, అప్పటికి ఎవరో కూడా తెలియని ఆ నర్సమ్మ దగ్గర ఐలిఫ్ నిలబడి పాల ప్యాకెట్లు ఏరుతూ, వీపుకి జలుబు చేస్తుంది లెండి అన్నాడు. అంతకంటే మంచి మాట తట్టలేదు. ఆమె నవ్వింది. అంత నవ్వు నవ్విన మనిషి, ఏమీ కావడం లేదంటుందా చివరికి? ఏం కావాలి? మనుషులకి రోజూ ఏం అవుతుంది?

కొండ పైకెక్కాక గాలి జోరు తగ్గింది. నేల మీద మంచు ఇంకా పాములా పాకుతూనే ఉంది గాని పైన మబ్బు చిరిగి చుక్కలొచ్చాయి, మొదట నాలుగు, తర్వాత గుప్పెడు. తర్వాత లారీ నెత్తి మీద ఆకాశం పచ్చబడింది. గురువారం నాటి పొగ కాదు. పచ్చటి పచ్చ, దాని కింద అంచు గులాబీ, తెరలా వేలాడి, ఎవరో ఒక కొస పట్టుకుని దులిపినట్టు ఒక్కసారి కొండంత పొడవునా పరుగెత్తింది, మంచంతా పచ్చబడింది, కారు ముందుభాగం పచ్చబడింది, స్టీరింగు మీద తన చేతులు పచ్చబడ్డాయి.

"అత్తయ్యా" అన్నాడు. "అత్తయ్యా, అదిగో. చూడండి."

ఆమె ఒళ్ళోని చేతితొడుగులు చూసుకుంటోంది.

"అత్తయ్యా, పైకి చూడండి! వచ్చింది!"

"రోడ్డు చూసుకో" అంది బోర్గిల్డ్.

"నేను చూస్తున్నాను రోడ్డు, మీరు ఆకాశం చూడండి! ఇంత పెద్దది నేనే ఎన్నడూ చూడలేదు, ఒక్కసారి తలెత్తండి, ఆపడానికి లేదు, ఆగొద్దన్నారు, అద్దంలోంచే చూడండి, మీ పక్కనే ఉంది, మీ పక్కనే!" బతిమాలుతున్నాడు. తనే! వారమంతా దీన్ని తిట్టుకున్నవాడు, అత్తగారిని పట్టుకుని, చూడమ్మా చూడమ్మా అని చంటిపిల్లకి అన్నం పెడుతున్నట్టు బతిమాలుతున్నాడు. పిచ్చెక్కినట్టుంది. ఇక్కడే ఆపి, చెయ్యి పట్టుకుని దింపి, గడ్డం కింద వేలు పెట్టి తల పైకెత్తించాలనిపించింది. లారీ చుక్కలు దూరమవుతున్నాయి. ఆపడానికి లేదు. తెర ఇంకోసారి దులిపినట్టు పరుగెత్తింది, ఇంకోసారి, ఆమె తల ఎత్తలేదు, కొండ దిగడం మొదలైంది, పచ్చ పల్చబడింది, గులాబీ ఎప్పుడు పోయిందో తెలియలేదు.

అవతలి గేటు దగ్గర బండ్లన్నీ పక్కకి తీసి ఆగాయి, ఊపిరి పీల్చుకోవడానికి. జనం దిగి ఫోనులెత్తి ఒకరికొకరు అరుచుకుంటున్నారు. చేపల లారీవాడు తలుపు తెరిచి, "చూశారా, చూశారా?" అని ప్రతివాణ్ణీ అడుగుతున్నాడు. ఐలిఫ్ ఇంజను ఆపలేదు. అద్దం మీద ఊపిరి పేరుకుంది.

"రాత్రిపూట ఏం తింటున్నావు?" అంది బోర్గిల్డ్.

"ఏమిటి?"

"అది వెళ్ళాక. రాత్రి ఏం తింటున్నావని."

"చేప."

"రోజూనా?"

"రోజూ."

నాలుక చప్పరించింది. తర్వాత తలుపు తీసుకుని, ఒక్కో మోకాలినీ బతిమాలుకుంటూ దిగింది. అతను చుట్టు తిరిగి వచ్చి మోచెయ్యి పట్టుకున్నాడు, విదిలించుకోలేదు. ఇద్దరూ మంచులో నిలబడ్డారు. నెత్తి మీద సన్నటి తెల్లని చార ఒకటి మిగిలింది, అదీ చెదిరిపోతోంది.

"ఇదేనా?" అంది.

ఐలిఫ్‌కి అరవాలనిపించింది. అరిచాడు కూడా. "ఇందాక ఆకాశమంతా అంటుకుంది, అత్తయ్యా! మీ నెత్తి మీదే! ఇక్కడ ఎవర్నడిగినా చెబుతారు! మీరు చూస్తేగా!"

"ఇందాక నేను నా కూతురి గురించి ఆలోచించుకుంటున్నాను" అంది బోర్గిల్డ్. కళ్ళు తుడుచుకుంది, చలికో దేనికో. "నీ గురించీ. నువ్వు అరుస్తుంటే వినిపిస్తూనే ఉంది. ఒకేసారి ఎన్ని చూడమంటావ్ నన్ను?"

బండ్లు ఒక్కోటీ కదలడం మొదలుపెట్టాయి. విమానం ఇంకా అందుతుంది, తొందరపడితే. అతను ఆమెను కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, కోటు అంచు తలుపులో పడకుండా లోపలికి సర్ది, తన వైపు వచ్చి కూర్చున్నాడు. గేరు పక్కన బన్ను సగం అలాగే ఉంది. తీసి నోట్లో వేసుకున్నాడు. నిజంగానే ఎండిపోయింది.

"వచ్చే చలికాలం మళ్ళీ వస్తాను" అంది బోర్గిల్డ్, ముందుకి చూస్తూ. "చూడనే లేదుగా. అయితే ఎవరింట్లో దిగమంటావ్?"

వచ్చే చలికాలం. మళ్ళీ శాతాలు, మళ్ళీ మేరిట్, మళ్ళీ స్నానాల గది ముందు అరుపులు. వద్దనడానికి ఇంత మంచి అవకాశం ఇంకోసారి రాదు. బన్ను నమిలి మింగాడు.

"మా ఇంట్లోనే దిగండి" అన్నాడు. "ఆ వాటాలో మెట్లు ఎక్కువ, మీ మోకాళ్ళకి పడవు. కాకపోతే మబ్బు పడితే నన్నేం అనకూడదు."

"నిన్ను కాక ఇంకెవర్ని అంటాను?" అంది బోర్గిల్డ్.